నిద్రను తాకట్టు పెట్టవద్దు

(ఉద్యోగము చేస్తూ, చదువుకుంటూ, కొత్త వృత్తికి సిద్ధపడుతున్న యువతీ యువకుల ఆరోగ్య కూడికలో ఒక వైద్యుని ప్రసంగ పాఠము)



మీలో చాలామంది పని ముగించుకొని, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చారు. కొందరు ఈ కూడిక అయిన వెంటనే మరొక పనికి వెళ్ళాలి. కాబట్టి క్లుప్తముగా మాట్లాడతాను. నాకిచ్చిన అంశము: "రెండవ ఉద్యోగము, చదువు, నిద్ర."

మన ఆసుపత్రి ఓ.పి.కి వచ్చే యువకులలో కొందరు ఒకే రకమైన బాధలు చెబుతుంటారు. తలనొప్పి, కడుపులో మంట, ఎప్పుడూ నీరసము, చిన్న మాటకే కోపము, చదివినది గుర్తుండకపోవడము. "బలానికి ఒక టానిక్ వ్రాయండి డాక్టరు గారూ" అని అడుగుతారు. రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నారని అడిగితే, వ్రేళ్ళ మీద లెక్కపెట్టి "నాలుగు, ఒక్కోసారి అయిదు" అంటారు. పగలు బట్టల షాపులోనో, ఫైనాన్స్ ఆఫీసులోనో పని. రాత్రి పార్సిళ్ళు అందించడమో, వాచ్‌మన్ డ్యూటీయో. మిగిలిన కాస్త సమయములో డి.ఎస్.సి.కో, నర్సింగుకో, కంప్యూటరు కోర్సుకో చదువు. ఎందుకింత శ్రమ అంటే వారు చెప్పే జవాబు న్యాయమైనదే. "ఇప్పుడున్న పనిలో ఎదుగుదల లేదు సార్. వేరే వృత్తికి మారాలి. మారేవరకు ఇంటి అద్దె ఆగదు, కోచింగు ఫీజు ఆగదు, చెల్లెలి కాలేజీ ఫీజు ఆగదు."

ఇది దురాశ కాదు. అపొస్తలుడైన పౌలు సువార్త ప్రకటిస్తూనే కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చూస్తాము. కష్టపడి రెండు పనులు చేయడములో అవమానమేమీ లేదు. కాబట్టి రెండవ పని మానివేయండి అని చెప్పడానికి నేను నిలబడలేదు. ఒక్క సంగతి చెబుతాను. కొత్త జీవితము కొరకు మీరు బంగారము తాకట్టు పెట్టవచ్చు, సరదాలు మానుకోవచ్చు, పండుగకు కొత్త బట్టలు వద్దనుకోవచ్చు. నిద్రను మాత్రము తాకట్టు పెట్టవద్దు. చదివినది నిలవడానికి, పరీక్షలో ఆలోచన నడవడానికి, క్షేమముగా ఇంటికి చేరడానికి మీకున్న పెట్టుబడి అదే.

నిద్రలో ఏమి జరుగుతుంది?

నిద్ర అంటే పని లేని సమయమని మనము అనుకుంటాము. నిజానికి ఆ సమయములో శరీరము తన మరమ్మతులు తాను చేసుకుంటుంది. రక్తపోటు తగ్గి గుండెకు కొంత విశ్రాంతి దొరుకుతుంది. మెదడు పగలు చదివినదానిని, నేర్చినదానిని సర్దుకొని పదిలపరచుకుంటుంది.

ఈ చివరి సంగతి మీకు ముఖ్యము. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో ఇద్దరు విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. అర్థము లేని అక్షరాల జాబితాలను వారిచేత కంఠస్థము చేయించారు. నేర్చుకున్న తరువాత కొన్నిసార్లు నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మెలకువగా ఉంచారు. గడిచిన గంటలు సమానమే అయినా, నిద్రపోయి లేచినప్పుడే వారికి ఎక్కువ గుర్తున్నది. ఆ తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలు ఈ మాటనే బలపరిచాయి. రాత్రి 2 గంటల వరకు చదివి 5 గంటలకు లేచేవారు సగము చదువును దిండు దగ్గరే వదిలివేస్తున్నట్లు. పుస్తకము మూసి పడుకోవడము కూడా చదువులో ఒక భాగమే.

పెద్దవారికి ప్రతి రాత్రి కనీసము 7 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘములు 2015లో తేల్చి చెప్పాయి. చాలాకాలము అంతకంటే తక్కువ నిద్రించేవారిలో బరువు పెరగడము, మధుమేహము, అధిక రక్తపోటు, గుండె జబ్బు, మానసిక కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

"నాకు అలవాటైపోయింది సార్"

ఈ మాట తరచుగా వింటుంటాము. ఇది ప్రమాదకరమైన మాట. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన కొందరిని 14 రాత్రులు వరుసగా 4 గంటలు, 6 గంటలు, 8 గంటలు చొప్పున పడుకోనిచ్చి పరీక్షించారు. రాత్రికి 6 గంటలు, లేదా అంతకు తక్కువ పడుకున్నవారి చురుకుదనము రోజురోజుకూ తగ్గిపోయి, చివరకు ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివారి స్థితికి చేరింది. విచిత్రమేమిటంటే, వారిని అడిగితే తమకు అంత మగతగా లేదనే చెప్పారు.

అంటే నిద్ర తక్కువైనవారు తమ పరిస్థితిని తాము సరిగా చెప్పలేరు. శరీరము అలవాటు పడలేదు. బాగుండడము ఎలా ఉంటుందో మరచిపోయింది, అంతే.

నిద్ర ఆగకపోవడము విశ్వాసలోపము కూడా కాదు. పౌలు త్రోయలో మధ్యరాత్రి వరకు ప్రసంగిస్తుండగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యౌవనస్థుడు నిద్రాభారము వలన మూడవ అంతస్తునుండి క్రింద పడ్డాడు. వాక్యము వినాలనే ఆశతో వచ్చినవాడే. ఆశ ఉన్నంతమాత్రాన నిద్ర ఆగలేదు. ఐతుకును తిరిగి బ్రదికించి ఇంటికి తీసుకువెళ్ళారు. మన రహదారుల మీద కునికిపాట్లు పడినవారి ఇళ్ళలో అందరికీ అటువంటి ఆదరణ దొరకడము లేదు.

రహదారి మీద

దయచేసి ఈ భాగము శ్రద్ధగా వినండి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు మెలకువను, మద్యమును పోల్చి చూశారు. 17 గంటలు వరుసగా మెలకువగా ఉన్నవారి చురుకుదనము, రక్తములో 0.05 శాతము మద్యము ఉన్నవారి చురుకుదనముతో సమానముగా ఉన్నది. 24 గంటలు మేల్కొంటే అది సుమారు 0.10 శాతముతో సమానము. మన దేశములో మోటారు వాహనాల చట్టము 185వ సెక్షన్ ప్రకారము వాహనము నడిపేవారికి హద్దు 0.03 శాతము. అంటే ఉదయము 6 గంటలకు లేచి పనికి వెళ్ళి, రాత్రి 11 గంటలకు ఇంకా బండి నడుపుతున్న సహోదరుడు, చుక్క ముట్టకపోయినా, త్రాగి నడిపేవానివంటి స్థితిలోనే ఉన్నాడు. పోలీసువారి పరికరము దానిని పట్టుకోలేదు.

రెప్ప మూతపడి తెరుచుకునే ఆ మూడు సెకన్లు ఎంత దూరమో లెక్క వేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వెళ్ళే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లకు 50 మీటర్లు. విజయవాడ గుంటూరు మధ్య జాతీయ రహదారి మీద అర్ధరాత్రి ఆగి ఉన్న లారీ వెనుక భాగము అంతకంటే దగ్గరలోనే ఉండవచ్చు.

తెల్లవారుజామున 2 నుండి 5 గంటల వరకు శరీరములోని గడియారము నిద్రనే కోరుతుంది. ఈ గడియారము జీవకణాలలో ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. పట్టుదలతో ఆ గడియారమును ఆపలేము. ఆవలింతలు ఆగకపోతున్నా, దాటి వచ్చిన కూడలి గుర్తు లేకపోయినా, బండి ప్రక్కకు జరుగుతున్నా వెంటనే ఆపండి. ముఖము కడుక్కోవడము, పాటలు పెద్దగా పెట్టుకోవడము కొద్ది నిమిషాలకే పనిచేస్తాయి. వెలుతురు ఉన్న పెట్రోలు బంకు దగ్గర బండి నిలిపి 20 నిమిషాలు కన్ను మూయండి. లేచిన తరువాత 10, 15 నిమిషాలు ఆగి, మగత వదిలాకనే బయలుదేరండి.

వారములో 168 గంటలు

ఇక లెక్కకు వద్దాము. దేవుడు ధనికునికీ పేదవానికీ వారానికి 168 గంటలే ఇచ్చాడు. ఒక తెల్లకాగితము తీసుకోండి. నిద్రను అన్నిటికంటే పైన వ్రాయండి. మనము సాధారణముగా అన్నీ వ్రాసి, మిగిలినది నిద్రకు ఇస్తాము. తప్పు అక్కడే మొదలవుతుంది.

నిద్ర రోజుకు 7 గంటలు, వారానికి 49. షాపులో పని రోజుకు 10 గంటలు, ఆరు రోజులకు 60. రాకపోకలు 6. స్నానము, భోజనము, ఇంటి పని, ప్రార్థన, ఆరాధన కలిపి రోజుకు 3 గంటలు, వారానికి 21. మొత్తము 136. మిగిలినవి 32 గంటలు. చదువుకు రోజుకు 2 గంటలు, అంటే 14 తీసివేస్తే 18 గంటలు. రెండవ పనికి మీ దగ్గరున్నది ఆ 18 గంటలే.

కాని మీరు వారానికి 30 గంటలు బండి తిప్పుతున్నారనుకుందాము. తక్కువైన 12 గంటలు ఎక్కడినుండి వచ్చాయి? నిద్రనుండి. 7 గంటల నిద్ర సుమారు అయిదుంబావు గంటలయింది. ఇక పగలు షాపు, రాత్రి 8 గంటల వాచ్‌మన్ డ్యూటీ వారానికి ఆరు రోజులు చేసేవారి లెక్క చూడండి. 49, 60, 48, 6, 21 కలిపితే 184. చదువుకు ఒక్క గంట వ్రాయకముందే 168 దాటిపోయింది. "డ్యూటీలో కుర్చీలో కాస్త కునుకు తీస్తాను" అంటారు. ఆ కునుకు నిద్ర కాదు, ఆ డ్యూటీ కాపలా కాదు.

పూర్వపు చట్టము వ్రాసినవారికి కూడా ఈ సంగతి తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 60వ సెక్షన్‌లో, ఒక ఫ్యాక్టరీలో ఆ రోజు పనిచేసిన కార్మికుని, ప్రత్యేక అనుమతి లేకుండా, అదే రోజు మరొక ఫ్యాక్టరీలో పనిచేయనివ్వరాదని వ్రాశారు.

వచ్చే డబ్బు కూడా లెక్క కట్టండి. రాత్రికి 400 రూపాయలు వస్తున్నాయనుకుందాము. పెట్రోలు, టీ, టిఫిను, బండి మరమ్మతు, తలనొప్పి మాత్రలు తీసివేసి, చేతిలో నిజముగా ఎంత మిగిలిందో ఒక వారము వ్రాసి చూడండి. కొందరికి చివరి రెండు గంటలలో వచ్చేది ఖర్చుకే సరిపోతుంది. అటువంటి రెండు గంటలను నిద్రకు ఇచ్చివేస్తే పోయేదేమీ లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతము వచ్చే అవకాశము 35 శాతము ఎక్కువని, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే అవకాశము 17 శాతము ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. మన లెక్కలో రెండు పనులూ కలిపితే 78 గంటలు. కాబట్టి ఇది కొన్ని నెలల ప్రయాణము మాత్రమే. జీవన విధానముగా మారకూడదు. గడువు పెట్టుకోండి. "పరీక్ష తేదీ వరకు", "కోర్సు పూర్తయ్యే నెల వరకు" అని కాగితము మీద వ్రాసి ఇంట్లో అందరికీ చూపండి. గడువు వచ్చాక కూర్చొని మరల ఆలోచించండి.

ఎటువంటి రెండవ పని?

వీలైతే, మీరు వెళ్ళదలచిన వృత్తికి దగ్గరగా ఉండే పనినే రెండవ పనిగా ఎన్నుకోండి. ఉపాధ్యాయులు కావాలనుకునేవారు సాయంత్రము ట్యూషన్లు చెప్పవచ్చు. పిల్లలకు చెప్పిన పాఠము మీకే గట్టిగా పట్టుబడుతుంది. అక్కౌంట్సు నేర్చుకునేవారు చిన్న దుకాణదారుల లెక్కలు వ్రాసిపెట్టవచ్చు. కుట్టుపని వచ్చిన సహోదరి ఆదివారము ఆరాధన తరువాత కొద్ది గంటలు కుట్టవచ్చు. జీతము కాస్త తక్కువైనా, రాత్రి 10 గంటలలోపు ముగిసే పనియే మేలు. పరీక్షకు చివరి నెల రెండవ పని ఆపగలిగేలా, ముందునుండే ఆ నెల ఖర్చు కూడబెట్టుకోండి.

నిద్రను కాపాడుకొనే మార్గములు

ఒకటి. నిద్రవేళలు రోజుకొక విధముగా మారనివ్వకండి. పని వేళలు మారినా, ఒక నాలుగు గంటలైనా ప్రతి రోజూ అదే సమయములో నిద్రలో ఉండేలా చూసుకోండి. మిగిలిన మూడు గంటలను దానికి ముందో వెనుకో కలుపుకోండి.

రెండు. ఒకే విడతలో 7 గంటలు కుదరని రోజున, రాత్రి పనికి వెళ్ళేముందు 20 నిమిషాలు, వీలైతే గంటన్నర పడుకోండి.

మూడు. టీ, కాఫీలలోని కెఫీన్ సుమారు 5 గంటలు గడిచినా ఇంకా సగము ఒంట్లోనే ఉంటుంది. రాత్రి 9 గంటలకు త్రాగిన టీ 2 గంటలకు కూడా పనిచేస్తుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందే చివరి కప్పు ముగించండి.

నాలుగు. పగలు పడుకోవలసినవారు గదిని చీకటి చేసుకోండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి. ఎండాకాలములో రేకుల ఇల్లయితే, చల్లగా ఉండే ప్రక్కింటి వసారాను అడగడానికి మొహమాటపడకండి. ఫోను మరొక గదిలో పెట్టండి.

అయిదు. రాత్రి డ్యూటీ దిగినవారు బండి నడపకుండా, బస్సులోనో షేర్ ఆటోలోనో ఇల్లు చేరండి.

ఆరు. వారములో ఒక రోజు రెండవ పనికి పూర్తిగా సెలవు ఇవ్వండి. విశ్రాంతి దినము దేవుడు నియమించినదే. అది మన మేలు కొరకే.

మాత్రల సంగతి

నిద్ర రావడానికి మందుల షాపులో ఆల్ప్రాజోలం వంటి మాత్రలు వైద్యుని చీటీ లేకుండా కొని వాడవద్దు. అలవాటుగా మారుతాయి. మద్యముతో కలిస్తే శ్వాసను అణచివేస్తాయి. నిద్ర ఆపడానికి ఎవరైనా స్నేహితుడు ఇచ్చే మాత్రలు అసలే ముట్టవద్దు. జలుబుకు వాడే సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటివి మగత కలిగిస్తాయి. అవి వేసుకున్న రాత్రి బండి నడపవద్దు. మధుమేహమునకు ఇన్సులిన్ తీసుకుంటూ రాత్రి పని చేసేవారు, భోజనము, మందు వేళలను వైద్యునితో తప్పక మాట్లాడుకోవాలి.

ఇంటివారికి, సంఘమునకు ఒక మాట

సహోదరీమణులకు ఇంటి పనియే మూడవ ఉద్యోగము. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కోడలు పగలు పది గంటలకు పడుకొని ఉంటే "ఎంతసేపు పడుకుంటావమ్మా" అని లేపే అత్తమామలారా, ఆమె అప్పుడే తన రాత్రిని మొదలుపెట్టింది. ఆమె నిద్రపోయే గంటలలో ఇంటి కాలింగ్ బెల్లుకు మీరే పలకండి. భర్తలు ఆ పూట వంట చేస్తే గౌరవమేమీ తగ్గదు. సంఘ పెద్దలకు కూడా మనవి. ఆరాధనలో కునికిన యువకుని అందరి ముందు పేరు పెట్టి పిలవకండి. కూడిక అయిన తరువాత ప్రక్కకు పిలిచి, "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు బాబూ" అని అడగండి. మన మైకు ధ్వని కూడా కాస్త తగ్గించుకుందాము.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

పెద్ద గురకతో పాటు నిద్రలో శ్వాస ఆగుతున్నదని ఇంటివారు చెబితే, 7 గంటలు పడుకున్నా పగలు మగత వదలకపోతే, పడుకోవడానికి సమయమున్నా మూడు వారాలకు మించి నిద్ర పట్టకపోతే, ఛాతీలో నొప్పి, గుండెదడ వస్తే ఆలస్యము చేయకండి. జీవితము మీద ఆశ పోతున్నదనిపిస్తే ఎవరితోనైనా వెంటనే చెప్పండి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చివరిగా ఏలీయాను జ్ఞాపకము చేసుకుందాము. ఆయన అలసిపోయి, ఇక చాలునని బదరీవృక్షము క్రింద పడుకున్నప్పుడు, దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఆయన తిని మరల పడుకున్నాడు. రెండవసారి తిన్న తరువాతనే సుదూర ప్రయాణము. కొత్త పని అప్పగించినది ఆ తరువాతనే. మొదటి రాజులు 19వ అధ్యాయము ఈ రాత్రి చదవండి.

చదివి, దీపము ఆర్పి, పడుకోండి. మీరు కోరుకున్న పనిలో, మంచి ఆరోగ్యముతో మిమ్ములను నిలబెట్టునట్లు దేవుడు మిమ్ములను దీవించును గాక.